షాన్షీ శిశువుల లెక్క

మన తెలుగులో కొన్ని వ్యాధుల పేర్లలోనే తీర్పు కూడా ఇమిడి ఉంటుంది. పై పెదవి చీలి పుట్టిన శిశువును చూసి మన పెద్దలు దానిని 'గ్రహణం మొర్రి' అన్నారు. గర్భిణి గ్రహణవేళ బయట తిరిగిందనో, ఆ సమయంలో కత్తిపీట ముట్టుకున్నదనో ఆ పేరు చెప్పకనే చెబుతుంది. నేరం తల్లిది, సాక్షి ఆకాశం. కారణం అంత సులభంగా తెలిసిపోయినప్పుడు, అటువంటి శిశువులు ఎందరు పుడుతున్నారు, ఏ ప్రాంతంలో ఎక్కువ, ఏ కాలంలో ఎక్కువ అని లెక్కించవలసిన అవసరం ఎవరికి తోస్తుంది?

పాఠక మిత్రులారా, ఈ వ్యాసం ఆ లెక్కను గురించినది. ఉత్తర చైనాలో షాన్షీ అనే బొగ్గు గనుల రాష్ట్రం ఒకటి ఉన్నది. కొన్ని దశాబ్దాల క్రితం ప్రపంచంలో మరెక్కడా కానరానంత అధికంగా అక్కడి శిశువులు ఒకే రకమైన జన్మలోపంతో పుట్టేవారు. ఆ సంగతి ఎలా బయటపడింది, ఎలా తగ్గుముఖం పట్టింది అన్నది వైద్యచరిత్రలో ఒక విశేష ఘట్టం. అందులో మన భీమవరంలో పుట్టిన మహనీయుడొకరికి పెద్ద పాత్రే ఉన్నది. అయితే ఆ కథకు ముందు నా అనుభవం ఒకటి చెప్పవలసి ఉన్నది.

1980 సెప్టెంబరు నెలాఖరున, నేను కోస్తా జిల్లాలోని ఒక పట్టణపు ఆసుపత్రిలో, ప్రసూతి వార్డులో హౌస్ సర్జన్‌గా ఉన్నాను. పందొమ్మిదేళ్ల అమ్మాయికి తొలికాన్పు. పుట్టినది ఆడశిశువు. కనుబొమ్మల పైన కపాలం లేదు. ముఖం మాత్రం నిద్రపోతున్న పసిపాపది. కొద్ది నిమిషాలు ఊపిరి తీసి ఆగిపోయింది. వరండాలో కూర్చున్న ఆమె అత్తగారు నన్ను అడిగిన మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ జ్ఞాపకమే. "గ్రహణం నాడు వద్దన్నా నూతి కాడికి వెళ్లింది డాక్టరు బాబూ, అందుకేనా?"

ఆ ఏడాది ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం కర్ణాటక మీదుగా, మన తెలంగాణ జిల్లాలను దాటి, ఒడిశా వైపు సాగింది. నా వయసు వారికి అది మరపురాని మధ్యాహ్నం. పట్టపగలు వీధులు నిర్మానుష్యమైపోయాయి. గర్భిణులను చీకటి గదుల్లో కదలకుండా పడుకోబెట్టారు. ఈ అమ్మాయికి అప్పుడు రెండో నెల నిండవస్తోంది.

అత్తగారికి నేను "అదేం కాదమ్మా" అని మాత్రం చెప్పి ఊరుకున్నాను. మరి ఏమిటి కారణం అని ఆమె తిరిగి అడిగి ఉంటే నా దగ్గర సమాధానం లేదు. వార్డు రిజిస్టరులో శిశువు వివరాలు రాయబోతే, లోపం ఏదైనా ఉంటే నమోదు చేయడానికి గడి లేదు. బరువు, లింగం, సజీవమా మృతమా, అంతే. 'పుట్టిన కొద్ది నిమిషాలకు మృతి' అని రాసి సంతకం చేశాను. ఆ విధంగా ఆ శిశువు ఏ లెక్కలోనూ చేరకుండానే వెళ్లిపోయింది.

ఆ లోపం పేరు అనెన్‌సెఫలీ. గర్భధారణ జరిగిన మూడో వారంలో పిండం వీపు మీద ఒక సన్నని పలక ఏర్పడుతుంది. దాని అంచులు పైకి లేచి, ఒకదానితో ఒకటి కలిసి, గొట్టంలా మూసుకుంటాయి. దీనినే నాడీనాళం అంటాము. తరువాత ఇందులో నుంచే మెదడు, వెన్నుపాము రూపొందుతాయి. పైకొన మూసుకోకపోతే మెదడు, కపాలం ఏర్పడవు. ఆ శిశువు బతకదు. నడుము దగ్గర మూసుకోకపోతే వెన్నెముక తెరుచుకుని, వెన్నుపాము బయటకు ఉబుకుతుంది; అది స్పైనా బైఫిడా. ఆ బిడ్డలు బతకవచ్చు గాని చాలామందికి కాళ్లు చచ్చుబడతాయి, మలమూత్రాలపై అదుపు ఉండదు, తలలో నీరు చేరుతుంది. ఈ నాళం మొత్తం గర్భధారణ నాటి నుంచి ఇరవై ఎనిమిది రోజులలో మూసుకోవడం పూర్తవుతుంది. మన ఇళ్లలో వాడే మాటల్లో చెప్పాలంటే, నెల తప్పిన పదిహేను రోజులకల్లా ఆ పని అయితే అయినట్లు, లేకపోతే లేనట్లు.

ఇప్పుడు ఆ అమ్మాయి తేదీలు ఒకసారి లెక్కవేసి చూడండి. సెప్టెంబరు నెలాఖరున నెలలు నిండి కాన్పయింది కనుక, గర్భధారణ జనవరి మొదటి వారంలో జరిగి ఉండాలి. నాడీనాళం మూసుకోవలసిన గడువు ఫిబ్రవరి మొదటి వారానికే తీరిపోయింది. గ్రహణం పట్టినది పదహారున. నూతి దగ్గరకు వెళ్లినా, వెళ్లకపోయినా, అప్పటికే జరగవలసినది జరిగిపోయింది. గ్రహణాన్ని నమ్మేవారి లెక్కలోనైనా ఆమె నిర్దోషి. ఈ గణితం నాకు ఆ రోజున తట్టలేదు. తట్టి ఉంటే ఆ వరండాలో అందరి ముందూ చెప్పి ఉండేవాడిని.

ఇక లెక్కల చరిత్రకు వద్దాము. పుట్టే ప్రతి వందమంది శిశువుల్లో ఇద్దరు ముగ్గురికి చెప్పుకోదగిన జన్మలోపం ఏదో ఒకటి ఉంటుంది. ఏ వైద్యుడి అనుభవంలోనైనా ఇవి అక్కడొకటి ఇక్కడొకటిగా తటస్థపడేవే. ఒక్కొక్క లోపాన్ని విడిగా తీసుకుంటే చాలా అరుదు కనుక, అవి పెరుగుతున్నా, ఒకచోట పోగుపడుతున్నా ఏ ఒక్కరి కంటికీ ఆనదు. ఈ సత్యాన్ని ప్రపంచానికి నేర్పినది థాలిడోమైడ్ అనే నిద్రమాత్ర. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చి, 1961 నవంబరులో వెనక్కు తీసుకునే లోపున, పదివేల మంది వరకు శిశువులు చేతులూ కాళ్లూ సరిగా ఏర్పడకుండా పుట్టారని అంచనా. లెక్క రాసే వ్యవస్థ ముందునుంచే ఉండి ఉంటే ఆ సంఖ్య అంతవరకు వెళ్లేది కాదు. బ్రిటన్‌లో 1964 నుంచి జన్మలోపాల నమోదు దేశవ్యాప్తంగా మొదలైంది. 1974లో వివిధ దేశాల నమోదు కేంద్రాలు ఒక అంతర్జాతీయ సమాఖ్యగా ఏర్పడ్డాయి.

నమోదు మొదలయ్యాక కనబడిన విచిత్రం ఏమంటే, నాడీనాళ లోపాలకు భూగోళం ఉన్నది. ఐర్లండ్‌లో, దక్షిణ వేల్స్ గని లోయల్లో అవి చాలా ఎక్కువ. కార్డిఫ్‌లోని లారెన్స్ అనే వైద్యుడు 1956 నుంచి 1962 వరకు పుట్టిన శిశువులను లెక్కించగా దక్షిణ వేల్స్‌లో ప్రతి వెయ్యి కాన్పులకు ఏడెనిమిది తేలాయి. ఆగ్నేయ ఇంగ్లండులో అవి గణనీయంగా తక్కువ. ఒకే దేశం, అదే రాణి, అవే ఆసుపత్రులు, అయినా ఇంత తేడా! పైగా సంపన్నుల ఇళ్లలో కంటే కూలీల ఇళ్లలో ఎక్కువ. వంశపారంపర్యం మాత్రమే కారణమైతే పేదరికాన్ని వెతుక్కుంటూ రాదు కదా. ఆహారంలో ఏదో లోటు ఉన్నదని కొందరికి అనుమానం కలిగింది.

ఆ లోటు ఏమిటో తెలియడానికి ముందే, దానిని పూడ్చే పదార్థం మందుల అలమారలో సిద్ధంగా ఉన్నది. అది అక్కడికి ఎలా చేరిందో చెప్పాలంటే మన దేశానికే రావాలి. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలకు గర్భకాలంలో తీవ్రమైన రక్తహీనత వచ్చేది. ఎర్ర రక్తకణాలు ఉండవలసిన దానికంటే పెద్దవిగా ఉబ్బి కనబడేవి. బొంబాయి హాఫ్కిన్ సంస్థలోను, కూనూరులోను, మద్రాసు గోషా ఆసుపత్రిలోను ఆమె దీనిని పరిశోధించారు. ఈస్టు సారంతో తయారయ్యే మార్మైట్ అనే చౌక పదార్థం తినిపిస్తే ఆ స్త్రీలు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించారు. అందులోని గుణకారక పదార్థమేదో అప్పటికి తెలియదు. పదేళ్ల తరువాత అమెరికాలో టెక్సస్ శాస్త్రజ్ఞులు టన్నుల కొద్దీ పాలకూర నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, లాటిన్‌లో ఆకు అనే అర్థం వచ్చే మాట నుంచి దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. రెండూ ఒకే కుటుంబానికి చెందినవని క్రమంగా తేలింది.

అయితే టన్నుల పాలకూరతో రోగులకు మందు చేయలేము. ప్రయోగశాలలో కృత్రిమంగా తయారు చేయగలగాలి. ఆ పని న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే కంపెనీలో, యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో పనిచేసిన బృందం 1945లో సాధించింది. 1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు గారి సోదరులు ఇద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధికి బలైపోయారు. ఆయన కూడా ఆ జబ్బు బారిన పడి బయటపడినవారే. స్ప్రూలో పేగులు పోషకాలను పీల్చుకోలేవు. మనిషి విరేచనాలతో చిక్కి శల్యమవుతాడు. ఆయన బృందం తయారు చేసిన ఫోలిక్ ఆమ్లాన్ని క్యూబా, పోర్టోరికోలలో స్ప్రూ రోగులకు ఇస్తే వారు లేచి తిరిగారు. తమ్ముళ్లనూ అన్నలనూ పోగొట్టుకున్న ఎందరికో ఆయన సమాధానం చెప్పినట్లయింది.

ఈ పదార్థానికి నాడీనాళంతో ఉన్న సంబంధానికి మొదటి సూచన కూడా సుబ్బారావు గారి ప్రయోగశాల నుంచే, ఊహించని దారిలో వచ్చింది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్ అనే మందును అక్కడ తయారు చేశారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దానిని రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి 1948లో ఫలితాలు ప్రకటించిన సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. కొన్నాళ్లకు అదే మందును గర్భస్రావం కోసం వాడి చూసిన వైద్యుడు ఒకరు 1952లో తన అనుభవాన్ని ప్రచురించారు. గర్భం నిలిచిపోయిన సందర్భాలలో కొందరు శిశువులకు తీవ్రమైన అవయవలోపాలు కనబడ్డాయి. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకుంటే పిండం రూపు చెడుతుందని తేలింది. అది తక్కువైతే ఏమవుతుందన్న ప్రశ్న అక్కడే ఉన్నది. దానిని అందుకుని గట్టిగా అడిగేందుకు మరో పదమూడేళ్లు పట్టింది.

లివర్‌పూల్‌లో ఎలిజబెత్ హిబ్బర్డ్, రిచర్డ్ స్మిథెల్స్ కలిసి, లోపాలున్న శిశువులను కన్న తల్లుల్లో ఫోలిక్ ఆమ్లం వినియోగం సరిగా లేనట్లు కనబడుతోందని 1965లో రాశారు. స్మిథెల్స్ గారు పట్టు వదలలేదు. అంతకుముందు నాడీనాళ లోపంతో బిడ్డను కన్న స్త్రీలకు, మళ్లీ గర్భం దాల్చడానికి ముందునుంచే విటమిన్ మాత్రలు ఇచ్చి చూశారు. మాత్రలు వాడిన తల్లుల శిశువులు 178 మందిలో ఒక్కరికే లోపం తిరిగి వచ్చింది. వాడని తల్లుల శిశువులు 260 మందిలో 13 మందికి వచ్చింది. అంటే నూటికి అయిదు నుంచి అర దాకా తగ్గినట్లు. ఈ ఫలితాలు లాన్సెట్ పత్రికలో వెలువడిన తేదీ 1980 ఫిబ్రవరి 16. మన ఆకాశంలో గ్రహణం పట్టిన రోజే. దీనికి ఏ అర్థమూ ఆపాదించడం లేదు, కాకతాళీయమే. అయినా ఆ తేదీ చూసినప్పుడల్లా నాకు ఆ నూతి గట్టు గుర్తుకు వస్తుంది.

ఆ ఫలితాన్ని అందరూ వెంటనే అంగీకరించలేదు. సగం మందికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి పోల్చాలని స్మిథెల్స్ మొదట తలపెట్టగా, ఆసుపత్రుల నైతిక సంఘాలు ఒప్పుకోలేదు. మేలు చేసే అవకాశమున్న మందును కొందరికి ఎలా నిరాకరిస్తారని వారి వాదన. దయతో చేసిన ఆ నిరాకరణ ఫలితం మరోలా పరిణమించింది. పోలిక సరిగా లేదు కనుక మాత్రలు వాడినవారు మొదటి నుంచే ఆరోగ్యం పట్ల శ్రద్ధ గలవారేమో అని విమర్శకులు కొట్టిపారేశారు. దక్షిణ వేల్స్‌లో లారెన్స్ చేసిన చిన్న పరీక్ష కూడా ఆ సందేహాన్ని తీర్చలేకపోయింది. చివరకు బ్రిటిష్ వైద్య పరిశోధక మండలి 1983లో ఏడు దేశాలలో, 33 కేంద్రాలలో సక్రమమైన పరీక్ష మొదలుపెట్టింది. 1991లో దానిని మధ్యలోనే ఆపివేశారు. లోపంతో పుట్టిన 27 మందిలో ఫోలిక్ ఆమ్లం పొందిన వర్గంలో ఆరుగురు, పొందని వర్గంలో 21 మంది. ఇక పరీక్ష కొనసాగించడమే అనైతికమయ్యేంత స్పష్టమైన తేడా. మరుసటి సంవత్సరం హంగరీలో చైజెల్, దుదాష్ ఇంతకుముందు ఏ లోపమూ ఎదురుకాని సామాన్య స్త్రీలలో కూడా ఇది పనిచేస్తుందని చూపారు.

ఇదంతా జరుగుతుండగా చైనాలో లెక్క మొదలైంది. 1986–87లో చెంగ్డు నగరంలోని వైద్య విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 29 రాష్ట్రాల, 945 ఆసుపత్రులలో పుట్టిన 12 లక్షలకు పైగా శిశువులను ఒక ఏడాది పాటు పరిశీలించారు. మృతశిశువులను కూడా వదలలేదు. నాడీనాళ లోపాలు దేశం మొత్తం మీద పదివేలకు 27 వచ్చాయి. షాన్షీలో మాత్రం పదివేలకు 105. అనగా సుమారు 95 కాన్పులకు ఒకటి. దక్షిణ వేల్స్ కొండలను కూడా మించిపోయిన సంఖ్య ఇది.

షాన్షీ అంటే కొండలకు పడమర అని అర్థం. తాయ్‌హాంగ్ పర్వతాలకు అవతల, ఎత్తయిన పీఠభూమి మీద ఉంటుంది. భూమి నిండా బొగ్గు. దీర్ఘమైన చలికాలం. జొన్న, మొక్కజొన్న, గోధుమ, చిరుధాన్యాలు పండుతాయి; శీతకాలంలో పచ్చని ఆకు కరవు. నిలవ ఉంచిన క్యాబేజీ, బంగాళదుంప, ఊరగాయలతో నెలల తరబడి గడుపుకునే పల్లెలు. ఇంటి పొయ్యికీ, వెచ్చదనానికీ బొగ్గే. దీనికి తోడు ఉత్తర చైనా ప్రజల్లో ఫోలిక్ ఆమ్లాన్ని శరీరం వాడుకునే తీరును మందగింపజేసే జన్యువు ఎక్కువమందిలో ఉన్నదని తరువాత తెలిసింది. పొలం, పొయ్యి, రక్తం మూడూ కలిసివచ్చిన చోటు అది. ఆ పల్లెల్లో కూడా అత్తగార్లు ఏదో ఒక గ్రహణాన్ని వెతుక్కుని ఉంటారని నా ఊహ.

ఇటువంటి లెక్కలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఆసుపత్రిలో పుట్టినవారినే లెక్కిస్తే ఇంటి కాన్పులు జారిపోతాయి. క్లిష్టమైన కాన్పులే ఆసుపత్రికి వస్తాయి కనుక సంఖ్య పెరిగి కూడా కనబడవచ్చు. సజీవంగా పుట్టినవారినే లెక్కిస్తే అనెన్‌సెఫలీ సగం మాయమవుతుంది. స్కానింగులో చూసి తొలగించిన గర్భాలను వదిలివేస్తే లోపం తగ్గిపోయినట్లు భ్రమ కలుగుతుంది. కాబట్టి 'మా జిల్లాలో ఈ సమస్య లేదు' అని ఎవరైనా చెబితే, ముందుగా ఎవరిని లెక్కించారని అడగండి. లెక్కించని చోట అన్ని జబ్బులూ తక్కువగానే ఉంటాయి.

1993లో చైనా, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి పెద్ద ప్రయత్నానికి పూనుకున్నారు. ఉత్తరాన షాన్షీకి పొరుగున ఉన్న హెబెయ్, దక్షిణాన జెజియాంగ్, జియాంగ్సు రాష్ట్రాలలో కలిపి 21 కౌంటీలు ఎంచుకున్నారు. ఆ రోజుల్లో చైనాలో పెళ్లికి ముందు వైద్యపరీక్ష తప్పనిసరి. ఆ పరీక్షకు వచ్చిన యువతికి ఫోలిక్ ఆమ్లం మాత్రల సీసా ఇచ్చి, ఇవాళ నుంచి రోజుకొకటి వేసుకోమని, గర్భం వచ్చాక మూడో నెల నిండేదాకా మానవద్దని చెప్పేవారు. మాత్రలో ఉన్నది 400 మైక్రోగ్రాములు, అంటే ఒక గ్రాములో రెండున్నర వేలవ వంతు. ఇష్టపడితే తీసుకుంటారు, లేకుంటే లేదు. ఎవరు తీసుకున్నారో మాత్రం రాసుకున్నారు.

మన పెళ్లిళ్లలో పసుపు కుంకుమలు, గాజులు, చీర పెడతారు. అక్కడ ఆ సీసా పెట్టారు. ఆ చిన్న మార్పులో ఉన్న తెలివిని గమనించండి. తొలి నెల గడువు దాటకముందే మాత్ర చేరాలంటే, స్త్రీ గర్భవతినని తెలుసుకుని ఆసుపత్రికి వచ్చేదాకా ఆగకూడదు. పెళ్లి ఒక్కటే అందరినీ అంతకు ముందే పట్టుకోగల ముహూర్తం.

దాదాపు రెండు లక్షల నలభై ఏడు వేల గర్భాల ఫలితాలను పరిశీలించి 1999లో ప్రకటించారు. ఉత్తరాన మాత్ర అసలు తీసుకోనివారిలో లోపం వెయ్యికి 4.8, గర్భానికి ముందునుంచీ తీసుకున్నవారిలో వెయ్యికి 1.0. దక్షిణాన తీసుకోనివారిలోనే వెయ్యికి 1.0 ఉండగా, తీసుకున్నవారిలో 0.6. ఈ అంకెల్లో నాకు అపురూపంగా తోచేది ఉత్తరాది సంఖ్య వచ్చి దక్షిణాది సంఖ్య దగ్గర ఆగడం. అంతవరకు నేల లక్షణమనీ, జాతి లక్షణమనీ అనుకున్నదానిలో అయిదింట నాలుగు వంతులు ఒక విటమిన్ లోటు.

అయితే ఇక్కడితో కథ సుఖాంతం అయిందని రాయలేను. ఆ పరీక్ష జరిగిన జిల్లాల్లో షాన్షీ లేదు. 2003లో షాన్షీలోని నాలుగు కౌంటీలలో ఇంటింటి లెక్క తీసి, ఇరవై వారాలు దాటిన ప్రతి గర్భాన్ని, తొలగించినవాటిని సైతం కలిపి చూస్తే, 11,534 కాన్పుల్లో 160 నాడీనాళ లోపాలు తేలాయి. పదివేలకు 138. లెక్కించిన పద్ధతి వేరు కనుక పాత సంఖ్య కంటే పెరిగిందనడం తప్పు. కాని తగ్గలేదన్నది మాత్రం నిజం. మందు తయారై 58 ఏళ్లు, పొరుగు రాష్ట్రంలో రుజువై ప్రపంచమంతా చదువుకుని నాలుగేళ్లు గడిచాక, డెబ్బై రెండు కాన్పులకు ఒకటి. అదే సంవత్సరం చైనాలో పెళ్లికి ముందు పరీక్ష తప్పనిసరి అన్న నిబంధననూ సడలించారు. పౌరుల స్వేచ్ఛ దృష్ట్యా ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేను గాని, సీసా అందించే చోటు అలా చేజారింది.

2009లో చైనా ప్రభుత్వం గర్భం కోరుకునే గ్రామీణ స్త్రీలందరికీ మూడు నెలల ముందునుంచే ఉచితంగా ఫోలిక్ ఆమ్లం ఇవ్వడం దేశవ్యాప్తంగా ప్రారంభించింది. షాన్షీలో లెక్క తీస్తున్న కౌంటీలలో 2014 నాటికి పదివేలకు 31.5కు దిగింది. మాత్ర ఒక్కటే కారణమని చెప్పలేము. ఆ సంవత్సరాల్లో పల్లెల ఆదాయం పెరిగింది, చలికాలంలోనూ కూరగాయలు దొరకసాగాయి. పూర్తిగా పోలేదు కూడా. బొగ్గు పొగలో ఉండే కొన్ని విషపదార్థాలు లోపంతో పుట్టిన శిశువుల మాయలో ఎక్కువగా ఉన్నాయని 2011లో అక్కడి పరిశోధకులే చూపారు. పొయ్యి సంగతి మాత్రతో తీరేది కాదు.

ఇక మన సంగతి. ఉత్తరప్రదేశ్‌లో నేపాల్ సరిహద్దున ఉన్న బలరామ్‌పూర్ జిల్లాలో ఇంటింటికీ తిరిగి లెక్క తీసి 2005లో లాన్సెట్‌లో ప్రచురించారు. ప్రతి వెయ్యికి ఆరున్నర నుంచి ఎనిమిది. నాటి దక్షిణ వేల్స్‌తో సమానం. అంతవరకు ఆ జిల్లా పేరు ఈ విషయంలో ఎవరూ ఎత్తలేదు. 2013లో మన దేశంలో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో, పుట్టుకతోనే గుర్తించవలసిన తొమ్మిది లోపాల జాబితాలో నాడీనాళ లోపానికి చోటు దొరికింది. గ్రహణం మొర్రి కూడా ఆ జాబితాలో ఉన్నది, ఆకాశంతో నిమిత్తం లేని పేరుతో.

మన గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో కూడా ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. కాని అది నాలుగో నెల నుంచి మొదలయ్యే మాత్ర. రక్తహీనతకు మేలు చేస్తుంది. నాడీనాళానికి అప్పటికే ఆలస్యం. తొలి మూడు నెలలకు విడిగా 400 మైక్రోగ్రాముల మాత్ర ఇవ్వాలని నియమం ఉన్నది. అయితే మన ఆడపిల్ల వేవిళ్లు మొదలయ్యాక, తల్లికి చెప్పి, మంచిరోజు చూసుకుని ఆసుపత్రికి వచ్చేసరికి ఏడెనిమిది వారాలు. ఆరు వారాలకే తలుపు మూసుకుపోయింది. రేషను దుకాణాల్లో ఇచ్చిన బలవర్ధక బియ్యంలో కిలోకు 75 నుంచి 125 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం కలిపారు. రోజుకు మూడు వందల గ్రాముల బియ్యం తిన్నా అందేది 30 దరిదాపుల్లో. తోటకూర, పాలకూర, పెసలు, శనగలు తప్పక తినవలసినవే. అయితే ఉడికించిన నీళ్లు పారబోస్తే అందులో ఉన్నది కొంత వాటితోనే పోతుంది. మాత్రకు ఇవి బదులు కావు.

కనుక మీ ఇంట పెళ్లి కుదిరిన అమ్మాయి ఉంటే, లేదా బిడ్డను కోరుకుంటున్న కోడలు ఉంటే, 400 మైక్రోగ్రాముల మాత్ర ఆ రోజు నుంచే మొదలుపెట్టించండి. అంతకుముందు ఇటువంటి బిడ్డను కన్నవారికి, మూర్ఛకు మందులు వాడుతున్నవారికి దానికి పదింతలు ఎక్కువ మోతాదు అవసరమవుతుంది. అది వైద్యుని సలహాతోనే.

ఆ అమ్మాయి రెండేళ్ల తరువాత మళ్లీ అదే వార్డుకు వచ్చింది. ఆమెకు ఎవరూ ఏ మాత్రా ఇచ్చి ఉండలేదు. ఆ లాన్సెట్ సంచిక నేను చదివింది మరి కొన్నేళ్లకు. తొమ్మిది నెలలూ గడప దాటనివ్వలేదని అత్తగారే చెప్పింది. ఆడపిల్ల పుట్టింది, తలనిండా జుట్టుతో. అది మా వైద్యమూ కాదు, అత్తగారి కాపలా ఫలితమూ కాదు. నూటికి తొంభై అయిదు మంది అలాగే పుడతారు. రిజిస్టరులో బరువు రాసి, లింగం రాసి, గళ్లన్నీ నిండిపోయాక, అంచున ఉన్న కాస్త ఖాళీలో 'మొదటి కాన్పు అనెన్‌సెఫలీ' అని చిన్న అక్షరాలతో రాశాను.